ఎండిన కాయ చప్పుడు

రాఘవమ్మ చనిపోతే ఆ గుంపులోంచి ఒక్క మనిషి రాలేదు.

నూట ఎనభై మంది ఆడవాళ్ళున్నారు అందులో. అటు దర్శి నుంచి ఇటు పెదకాకాని దాకా, మిరప పండే ప్రతి ఊళ్ళోనూ ఒకరో ఇద్దరో ఉన్నారు. మూడేళ్ళపాటు పొద్దున లేచింది మొదలు పిన్నీ పిన్నీ అని ఆమెను ఫోనులో పిలవని రోజు లేదు. ఆ పిన్ని మాఘమాసంలో మిరపకాయలు ఆరబోసిన కల్లం మీదే గుండె పట్టుకుని ఒరిగిపోతే, పాడె లేచేటప్పుడూ లేరు, పెద్దకర్మ నాడూ లేరు. బుల్లయ్య దృష్టిలో ఇది వాదనకు నిలిచే విషయం కాదు. తేలిపోయిన విషయం.

ఫోనులో కలిసిన ఆ ఆడవాళ్ళని అందరూ గ్రూపు అంటారు. బుల్లయ్య ఒక్కడే గుంపు అంటాడు.

ఆమె ఫోను ఇంకా గూట్లోనే ఉంది. ఆపేయడానికి వీల్లేదు. గ్యాసుబండకీ, బ్యాంకువాళ్ళు పంపే అంకెలకీ ఇంట్లో అన్నిటికీ ఆ నంబరే ఇచ్చి ఉంది. అందుకని రోజూ దానికి కరెంటు పెడతాడు, మొహం కిందికి తిప్పి గూట్లో బోర్లిస్తాడు. అది బోర్లా పడుకునే టింగుమంటూ ఉంటుంది. ఎవరైనా పిలిస్తే మోగి మోగి ఆగిపోతుంది. పక్క టౌను పేటలో ఉన్న కూతురు నాగజ్యోతి కర్మలయ్యాక అడిగింది, "అమ్మ గ్రూపోళ్ళకి చెప్పావా నాన్నా?" అని. ఆఁ అన్నాడు. అంతటితో ఆ మాట అయిపోయింది.

బుల్లయ్య ఊరి బళ్ళో ఏడో తరగతి దాకా చదివాడు. సేద్యం మాత్రం పక్కవాళ్ళ గట్ల మీద నిలబడి నేర్చుకున్నాడు. పక్క చేనువాడు ఏం చల్లాడో, ఎప్పుడు తడిపెట్టాడో కళ్ళతో చూసి పట్టుకోవాలి గాని నోరు తెరిచి అడగకూడదు. అడిగితే చులకన. ఆయన తండ్రీ అట్లాగే నేర్చుకున్నాడు. పొరపాటున కూడా కొడుక్కి ఒక మాట విప్పి చెప్పలేదు. కాయ ఎండిందో లేదో దోసిట్లో ఊపి చెవి దగ్గర పెట్టుకుని వినేవాడు. పక్కన నిలబడి బుల్లయ్యా వినేవాడు. ఏళ్ళ తరబడి వినగా వినగా ఆ చెవి వచ్చింది.

రాఘవమ్మ తీరు వేరు. ఆమెకు అక్షరం రాదు. తెలియదని చెప్పుకోవడానికి మొహమాటం కూడా లేదు. బస్సులో పక్కన కూర్చున్న మనిషిని సైతం మీ పొలానికి ఏం తెగులొచ్చిందమ్మా అని అడిగేది. ఆమెకు లేని సిగ్గంతా బుల్లయ్యే పడేవాడు. అలాంటి మనిషి చేతిలో కూతురు ఒక ఫోను పెట్టింది. రాయక్కర్లేదు, చదవక్కర్లేదు, వేలు నొక్కి మాట్లాడితే చాలని చూపించింది. ఇక అడగడానికి బస్సు కూడా ఎక్కే పని లేకపోయింది.

అది నల్ల తామర పురుగు వచ్చిన ఏడాది. పూత మీద దుమ్ములా వాలి, రెండు వారాల్లో పూతంతా రాల్చేసింది. గట్ల మీద నిలబడి చూద్దామంటే అందరి చేలూ ఒకే తీరుగా ఉన్నాయి. అప్పుడు రాఘవమ్మ ఎవరో చెప్పారని నీలం రంగు జిగురు అట్టలు తెప్పించి చేనంతా కర్రలకు కట్టింది.

"పెళ్ళి పందిరి వేస్తన్నావా? నీలం జెండాలు కట్టావు."

"పురుక్కి నీలమంటే ఇష్టమంట. వచ్చి అతుక్కుంటదంట."

"పురుగు నీకు చెప్పిందా?"

"కోటేశ్వరి చెప్పింది. పెదకాకాని కోటేశ్వరి."

అట్టలు నల్లబడ్డాయి. వాళ్ళ చేలో కొంత పూత నిలిచింది. గాలి మళ్ళిందిలే అన్నాడు బుల్లయ్య. ఆ రాత్రే అన్నం దగ్గర ఇంకో మాట కూడా అన్నాడు. మళ్ళీ ఈ ఇంట్లో ఆ గుంపు మాట తన చెవిన పడకూడదన్నాడు. రాఘవమ్మ సరే అంది. మజ్జిగ పోసింది. ఆ తర్వాత నిజంగానే ఒక్కనాడూ ఆ ఊసు ఎత్తలేదు.

ఒకటి మాత్రం బుల్లయ్య గమనించాడు. అప్పటినుంచి ఆమె ప్రతిదానికీ తనను అడగడం మొదలుపెట్టింది. ఆయన వీధి వైపు తిరిగి అరుగు మీద కూర్చుని ఉండేవాడు. వెనక గడపలో ఆమె కూర్చునేది. కాయలు గలగలమనేవి. "ఏమయ్యా, ఎండినయ్యంటావా?" అనేది. ఆయన తల తిప్పకుండా చెప్పేవాడు. అయినయ్యనో, పచ్చివనో, రెండెండలు కావాలనో. ఆమెకు చెవి మందగిస్తున్నదనుకున్నాడు. పేట తీసుకుపోయి చూపించాలనుకున్నాడు కూడా. తీసుకుపోలేదు.

*

ఫాల్గుణంలో, ఎండ తల మీద నుంచి కాస్త వాలిన వేళ, గౌస్ బాషా వచ్చాడు. బుల్లయ్య ఆఖరి కోత కాయలు కల్లం మీద ఎండిపోయి ఉన్నాయి. మిరప సంచీని టిక్కీ అంటారు. తెల్లారి మంచుకు కాయ కొంచెం మెత్తబడ్డాక దాన్లో పోసి తొక్కుతారు, లేకపోతే కాయ పిండిపిండవుతుంది. ఆ టిక్కీల మూతులు కుట్టడం గౌస్ పని. ఇద్దరూ ఒకే బళ్ళో, ఒకే బల్ల మీద ఏడేళ్ళు కూర్చున్నారు. ఎన్ని టిక్కీలవుతాయో చూసుకుని, అరుగు మీద కూలబడి మజ్జిగ తాగుతున్నాడు గౌస్. గూట్లో ఫోను మోగింది. ఆగింది. మళ్ళీ మోగింది.

"ఏరా, ఇంట్లో కీచురాయిని పెంచుతన్నావా? వచ్చిన కాడి నుంచి అరస్తానే ఉంది."

"రాఘవమ్మ ఫోను."

"తీసి చూడొచ్చుగా."

"చూసేదేముంది. పని లేనోళ్ళు."

"అట్లా అనబాకు. మొన్న నా కుట్టు మిషను ఆగిపోతే ఫోనులో చూసేగా బాగుచేసుకుంది. ఎక్కడోడో, వాడి భాష ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. వాడి చేతులు చూస్తా నా చేతులు తిప్పా."

"చేతులు చూసి నేర్చుకోటం వేరు. నోళ్ళు విని నేర్చుకోటం వేరు."

"నీకన్నీ వేరేరా. మిషన్‌కి ఏం తెలుసు, నేను చూశానో విన్నానో. అది నడిచింది." గౌస్ లేచి గూట్లోంచి ఫోను తీశాడు. "నోరన్నా మూయిస్తా ఉండు."

మూయించబోయి దేని మీద నొక్కాడో గాని, ఒక ఆడపిల్ల గొంతు అరుగంతా నిండింది.

"రాఘవమ్మ పిన్నీ, నేను ఫర్హానాని. దర్శి అవతల నుంచి. నెలై నువ్వు పలకటం లేదు, నా మీద కోపమేమన్నా వచ్చిందా? ఈయేడు కౌలుకి రెండెకరాలు వేశానని చెప్పాగా, అవే ఇయ్యి. రేపు తెల్లారుజామున మంచుకి మెత్తబడంగానే తొక్కిచ్చేద్దామని లారీ మాట్లాడా. వచ్చే వారం వాన అంటన్నారు. ఊపుతా, ఒక్కసారి విని చెప్పు పిన్నీ. నువ్వు చెప్తే నాకు ధైర్యం."

ఆ వెంటనే గలగల.

బుల్లయ్య చేతిలో మజ్జిగ గ్లాసు ఆగిపోయింది. ఆ చప్పుడు ఈ ఇంట్లో విని నెల దాటింది. పొయ్యి దగ్గర, కవ్వం దగ్గర, గడప దగ్గర, ఆయన పుట్టిన ఊళ్ళో ఆయన కాపురం చేసిన ఇంట్లో నలభై ఏళ్ళు అది ఉంది. ఉన్నన్నాళ్ళూ దాన్ని ఎవరూ చప్పుడనుకోరు.

"ఆపు," అన్నాడు.

గౌస్ ఆపాడు.

బుల్లయ్య వీధి వైపు చూసి, "మళ్ళీ పెట్టు," అన్నాడు.

మళ్ళీ పెట్టాడు. గౌస్ కూడా చెవి ఒగ్గి విన్నాడు. "బానే ఎండినయ్యిగా. గింజ గలగలమంటంది."

"అది గింజ కాదు. గాజులు."

"ఏంది?"

"గాజులు తోసుకోకుండా ఊపింది. పైపైన మోగేదంతా గాజు. కాయ కిందెక్కడో ఉంది, మొద్దుగా. పచ్చివి అయ్యి."

"నీకెట్లా తెలుసురా?"



ఫోను మళ్ళీ టింగుమంది. ఈసారి గౌస్ కావాలనే నొక్కాడు. ఇంకో ఆడమనిషి, గొంతులో పెద్దరికం ఉంది.

"ఫర్హానా, నేను కోటేశ్వరిని. పిన్ని ఊళ్ళో లేనట్టుందమ్మా. నేను ఫోను చేసినా ఎత్తటం లేదు. నువ్వేం బయపడబాకు. పిన్ని చెప్పినయ్యన్నీ నేను దాచిపెట్టుకున్నా. మొన్న మా ఆడబిడ్డకి కూడా అయ్యే వినిపించి నేర్పా. ఇదిగో, నిరుడు నాకు చెప్పింది పెడతన్నా. అప్పుడు నా కాయలు కూడా ఇట్టాగే మోగినయ్యి. విని కట్టేసుకో."

ఆ కింద ఇంకొకటి ఉంది. గౌస్ వేలు దాని మీద ఆగింది. బుల్లయ్య వైపు చూశాడు. బుల్లయ్య వద్దనలేదు.

 ఎక్కడో కోడి అరిచింది. ఆ కోడి అరుపు వెనకాల ఒక మగగొంతు, విసుగ్గా, "అయినయ్యి. తొక్కిచ్చెయ్," అంది. ఆ తర్వాత, చెవి పక్కనే అన్నంత దగ్గరగా, రాఘవమ్మ.

"గలగలమంటన్నయ్యి తల్లీ. కట్టేసుకోవచ్చు. బయం లేదు."

 కల్లం మీద కాయలు ఎండకు చిటచిటమంటున్నాయి. బుల్లయ్య గ్లాసు పక్కన పెట్టాడు. అది పక్కకు ఒరిగితే మళ్ళీ నిలబెట్టాడు.

"ఒరేయ్," అన్నాడు గౌస్ మెల్లగా. "ఆ వెనక గొంతు నీది."

*

గౌస్ పైకి పైకి జరుపుతూ ఒక్కొక్కటే నొక్కాడు. నిరుటివి, ఆ ముందేటివి. ఎవరో కాయలు ఊపుతారు. తర్వాత రాఘవమ్మ వాయిస్ వస్తుంది. ప్రతి దాన్లోనూ ఆమె కన్నా ముందు, వెనకనుంచి, బుల్లయ్య. పచ్చివి. ఇంకో ఎండ. ఇయ్యి నేల మీద పోసిన కాయలు, చెమ్మ లాగినయ్యి, కింద పట్టా వెయ్యాల. తాలుకాయ ఎక్కువుంది, ఏరాల. వెనకనుంచి ఆయన విసుక్కుంటూ అన్న ఆ ముక్కనే ఆమె తీరిగ్గా, తీపిగా, తల్లీ అనీ అమ్మా అనీ చేర్చి, ఎందుకో ఏమిటో విప్పి చెప్పేది. ఆయన తండ్రి ఆయనకు చెప్పనిదీ, ఆయన ఎవరికీ చెప్పనిదీ, ఆమె పూసగుచ్చినట్టు చెప్పేది.

ఇన్నాళ్ళూ తన వెనక మోగింది ఇంట్లో కాయలు కావు. ఎక్కడెక్కడి కల్లాలవో. ఒళ్ళో ఫోను పెట్టుకుని, ఆయన వీపు వెనక కూర్చుని, వినిపించింది.

ఒకచోట ఆడవాళ్ళు వరసగా నవ్వుతున్నారు. కోటేశ్వరి గొంతు. "పిన్నీ, నువ్వు చెప్పక్కర్లా. బాబాయ్ దగ్గాడు. బాబాయ్ దగ్గితే కాయ పచ్చి. మాకు తెలిసిపోయింది." ఇంకెవరో, "మా ఆయన దగ్గినా ఉలిక్కిపడతన్నా అక్కా, కల్లం చూసొస్తన్నా." వాళ్ళ మధ్య రాఘవమ్మ నవ్వు. బుల్లయ్యకు ఆ నవ్వు తెలుసు గాని, ఈ మధ్య ఏళ్ళలో ఎదురుగా విన్న గుర్తు లేదు.

"మోసం చేసింది," అన్నాడు.

"ఏం మోసంరా?"

"నా మాట నాకు తెలియకుండా ఊళ్ళమ్మట పంచిపెట్టింది."

"నువ్వేమన్నావు? గుంపు మాట నా చెవిన పడకూడదన్నావు. పడిందా?"

బుల్లయ్య అరుగు మీద పడున్న మిరప తొడిమ ఏరి వీధిలోకి విసిరాడు.

"మాట మీద నిలబడింది మనిషి. నీ చెవిన పడనీయలా. నీ నోట్లోది మాత్రం తీసుకుంది." గౌస్ ఫోను ఒళ్ళో పెట్టుకున్నాడు. "వాళ్ళకి చెప్పావా నువ్వు, ఆమె పోయిందని?"

"వాళ్ళు వచ్చారా?"

"చెప్పావా అనడుగుతన్నా."

"మన ఊళ్ళో చావుకి ఎవరికి చెప్పి పంపాం? విని వస్తారు."

"మన ఊళ్ళో డప్పు మోగుద్ది. ఇది దర్శికి వినపడుద్దా? ఆ పిల్ల నెల నుంచి నా మీద కోపమా అనడుగుతంది. నువ్వు దాన్ని బోర్లేసి కూర్చున్నావు."

"నా ఇల్లు. నా ఇష్టం."

"నీ ఇష్టమే. ఎవరు కాదన్నారు." గౌస్ కండువా దులిపి భుజాన వేసుకున్నాడు. "నేను పోతా. ఆ పిల్ల కాయలంటావా, పచ్చివో ఎండువో, మనకెందుకు. పనిలేనోళ్ళ గోల."

మెట్టు దిగాడు గాని పోలేదు. చెప్పులు వేసుకోవడానికి మామూలు కన్నా ఎక్కువసేపు పట్టింది.

బుల్లయ్య కల్లం వైపు చూస్తున్నాడు. పచ్చికాయ టిక్కీలో పడితే ఏమవుతుందో ఆయనకు ఒకరు చెప్పక్కర్లేదు. పైకి ఎర్రగానే ఉంటుంది. వారం తిరిగేసరికి లోపల గింజ చుట్టూ బూజు పడుతుంది. మార్కెట్ యార్డులో కొనేవాడు ఒక కాయ చీల్చి చూసి, సంచీ పక్కకు తోయమంటాడు. మొదటి ఏడు కౌలు చేసిన పిల్ల రెండో ఏడు చెయ్యదు. కాని ఆయనను కుదురుగా కూర్చోనీయనిది ఆ పిల్ల కాయలు కావు.

"గౌసూ."

"ఏంది?"

"ఆ పిల్ల రేపు తొక్కిస్తది. కోటేశ్వరి చెప్పిందని కాదు. రాఘవమ్మ చెప్పిందని. లోపల బూజు పడ్డాక ఎవరు చెప్పారే నీకంటే, ఎవరి పేరు చెప్పుద్ది?"

గౌస్ మెట్టు కింద వెనక్కి తిరిగాడు.

"నిరుటి మాట అది. వేరే కాయకి చెప్పింది. తెచ్చి దీనికి అతికించారు. రాఘవమ్మ ఏనాడూ పచ్చికాయని కట్టమనలా."

"నువ్వు అననీయలా," అన్నాడు గౌస్. చెప్పులు విప్పి మళ్ళీ పైకొచ్చాడు. "ఇదిగో, ఈ మైకు బొమ్మ మీద వేలు పెట్టి ఉంచు. మాట్లాడు. వేలు తీస్తే పోద్ది."

"ఎక్కడికి పోద్ది?"

"అందరికీ."

బుల్లయ్య ఫోను దోసిట్లో పట్టుకున్నాడు, కాయలు పట్టుకున్నట్టు. బొమ్మ మీద బొటనవేలు ఆన్చాడు. ఏమని పిలవాలో తోచలేదు. ఆ పిల్లను ఎరగడు. మొహం చూడలేదు. తెలియనివాళ్ళతో మాట మొదలుపెట్టడం ఇంట్లో రాఘవమ్మ పని. గొంతు సవరించుకోబోయాడు. దగ్గాడు. దగ్గు తెరలో వేలు జారింది.

"పోయింది," అన్నాడు గౌస్.

"ఏం పోయింది? నేనేమీ చెప్పందే."

"దగ్గు పోయింది."

ఇద్దరూ ఫోను వంక చూస్తూ కూర్చున్నారు. ఎంతోసేపు పట్టలేదు. టింగు టింగు మని ఒకదాని మీద ఒకటి వచ్చి పడ్డాయి. కోటేశ్వరి ముందు. "ఫర్హానా, కట్టబాకమ్మా. బాబాయ్ దగ్గాడు. వినపడిందా, బాబాయ్ దగ్గాడు. నా మాట పక్కన పెట్టు." ఎవరో ముసలామె, "అమ్మయ్య, ఉన్నారు. ఇంట్లోనే ఉన్నారు." వాళ్ళ మధ్యలో ఫర్హానా, గాభరాగా, "బాబాయ్, పచ్చా? గలగలమంటన్నయ్యిగా బాబాయ్. పొద్దుననుంచి ఎండలోనే ఉన్నయ్యి."

గౌస్ నవ్వు ఆపుకోవడానికి కండువా నోటికి అడ్డం పెట్టుకున్నాడు. బుల్లయ్య మళ్ళీ వేలు ఆన్చాడు.

"ఆ గాజులు తీ..." అనబోయి ఆగాడు. గాజులు వేసుకున్న ఆడపిల్లతో అనే మాట కాదది, ఏ ఇంటి పిల్లయినా. "గాజులు మోచేతి పైకి తోసుకో. తోసుకుని ఊపు. చేట పక్కన పెట్టి దోసిట్లో తీసుకో. ఎండ పోకముందే చెయ్యి."

 గౌస్ మజ్జిగ చెంబు వంచి అడుగున ఉన్నది తాగాడు. ఫోను టింగుమంది.

ఈసారి ఆ పిల్ల మాట్లాడలేదు. ఊపింది, అంతే. గలగల లేదు. తడిగుడ్డలో కట్టిన శనగల్లా బుసబుసమంది. గౌస్‌కు కూడా తెలిసింది. ఫోనులోనే ఎవరో అయ్యో అనడం వినపడింది, ఆ పిల్ల పక్కన నిలబడ్డవాళ్ళు కాబోలు.

"విన్నావా?" అన్నాడు బుల్లయ్య వేలు ఆన్చి. ఆమె వినాలని, తాను వినడం కాదని, అప్పుడే ఆయనకు తట్టింది. "అదీ పచ్చికాయ చప్పుడు. గుర్తుపెట్టుకో. ఒక కాయ తీసుకో, తొడిమ దగ్గర వంచు. వంగితే నీళ్ళున్నట్టు. పుటుక్కుమంటే ఎండినట్టు. రెండెండలు పోనీ. పొద్దు తిరిగాక ఒకసారి కాళ్ళతో తిరగెయ్యి, కింది కాయ పైకి రావాల. సాయంత్రం కుప్ప చేసి పట్టా కప్పు, మంచు పడనీయబాకు. ఎల్లుండి మధ్యాన్నం మళ్ళీ ఊపు. పొద్దునపూట ఊపబాకు, పొద్దున అన్నీ అబద్ధమే చెప్తయ్యి."

ఇంత పొడుగు మాట ఆయన ఒక్క ఊపిరిలో ఎవరికీ చెప్పి ఎరగడు. గౌస్ నోరు తెరిచి చూస్తున్నాడు.

"లారీ ఆయనకి ఏం చెప్పను బాబాయ్?" అంది ఫర్హానా.

"కాయ ఎండలేదని చెప్పు. ఆయనకీ చెవులున్నయ్యిగా, కావాలంటే వినిపించు."

ఎవరో నవ్వారు. ఆ పిల్ల కూడా నవ్వింది, ముక్కు ఎగబీల్చుకుంటూ. "మీరు చల్లగా ఉండాల బాబాయ్. ఎల్లుండి ఊపి పెడతా. ఇంక పిన్నికి ఇవ్వండి ఒక్కసారి. నాలుగు తిట్టినా సరే. నెల నుంచి గొంతు వినలా."

వెనకే కోటేశ్వరి, "అవును బాబాయ్. పిన్నికి ఇవ్వు." ఆ తర్వాత ఇంకొకరు. ఇంకొకరు.

బుల్లయ్య ఫోను అరుగు మీద పెట్టి లేచాడు. కల్లం మీదికి నడిచాడు. చెప్పుల్లేని కాళ్ళతో కాయల మధ్య పాదాలు ఈడుస్తూ సాలుగా తిరగేశాడు. అవి ఎండిపోయిన కాయలు, తిరగేసే పని లేదు. పడమటి వైపు, పట్టా అంచున, ఆమె ఒరిగిపోయిన చోటు ఉంది. ఆ చోటు దాకా వెళ్ళి, అక్కడ కూడా తిరగేసి, వెనక్కి వచ్చాడు.

గౌస్ కదలకుండా కూర్చుని ఉన్నాడు. "నన్ను చెప్పమంటావా?"

"వద్దు."

"నాగజ్యోతికి ఫోను చేద్దామా? అమ్మాయి చెప్పుద్ది."

"వద్దన్నానుగా."

అరుగు మీద, ఎప్పుడూ కూర్చునే చోట, వీధి వైపు తిరిగి కూర్చున్నాడు. తర్వాత ఏమనుకున్నాడో లేచి, గడపలోకి వెళ్ళి, రాఘవమ్మ కూర్చునే చోట కూర్చున్నాడు. ఫోను ఒళ్ళో పెట్టుకున్నాడు. వేలు ఆన్చాడు. ఈసారి దగ్గు రాలేదు.

"నేను బుల్లయ్యని. రాఘవమ్మ లేదు. మాఘమాసంలో పోయింది. కల్లం మీద పోయింది, ఎక్కువసేపు బాధపడలా. మీకు ఎవరూ చెప్పలా. మీరు రాలా. ఆ రెండూ అయిపోయినయ్యి, ఇప్పుడు తిరగెయ్యటానికి లేదు. ఆమె గొంతు మీ దగ్గరుంటే ఉంచుకోండి, తుడిచెయ్యబాకండి. కాని నిరుటి మాట తెచ్చి ఈయేటి కాయకి పెట్టబాకండి. ఏ కాయకి ఆ కాయని ఊపి వినాల. చప్పుడు పంపండి, వింటా. ఇక్కడే కూర్చుని ఉంటా. ఆమె సంగతి మాత్రం నా దగ్గర ఎత్తొద్దు. అయ్యో అనొద్దు, ఫోను చెయ్యొద్దు, ఎప్పుడు ఎట్లా అని అడగొద్దు. చెప్పాల్సింది ఒక్కసారి చెప్పా. ఇంక నా నోట ఆ మాట రాదు."

వేలు తీశాడు.